తొట్టెలలో పొత్రం

"శాస్త్రానికి పసుపు పూసి తొట్టెల్ల పొత్రం పెట్టినం గద. ఇగ దాన్ని తీసి బిడ్డను పండబెట్టు," అన్నది అత్త బుచ్చమ్మ.

కొమురమ్మ బిడ్డను భుజం మీంచి దించలేదు. "ఉండనియ్యి అత్తా. కొంచెంసేపు దాన్నే ఊపుత."

"రాయిని ఎవరన్న ఊపుతరానే?"

కొట్టంలోని పాత పలుపుతో దూలానికి తొట్టెల కట్టిన దుర్గయ్య పెండ్లాం మీద విసుక్కున్నాడు. "జంగు లడాయి మొదలైనకాన్నుంచి బేగంబజార్ల మంచి తాడు యాడ దొరుకుతుంది? బర్రెను ఆపిన పలుపు పసిపిల్లను ఆపదా?"

"నిరుడు గూడ ఇసొంటి పలుపే. ఆపలే."

"నిరుడు తెగింది నీ చేతి దురుసుకు," అన్నది బుచ్చమ్మ. పెద్దబిడ్డ తొట్టెల్లోంచి పడి చనిపోయిననాటి నుంచి ఆమె అందరికీ చెప్పే మాట అదే.

కొమురమ్మ ఒక్క వేలితో తొట్టెలను మెల్లగా నెట్టింది. అటు పోయింది, ఇటు వచ్చింది. దూలం దగ్గర పలుపు పుటుక్కున తెగింది. పొత్రం పడి కింద షాబాదు బండ పగిలింది.

దుర్గయ్య తెగిన కొసను నలిపి చూశాడు. ఏండ్లకేండ్లు బర్రెల ఉచ్చకు నానిన నార వేళ్ల మధ్య పిండిలా రాలింది.

"ఇప్పుడు గూడ దురుసుగ ఊపిన్నా అత్తా?" అడిగింది కొమురమ్మ. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

బుచ్చమ్మ కింద కూచుని పొత్రాన్ని ఒళ్లోకి తీసుకుంది. పొద్దు గూకినా దించలేదు.