డెస్కులో లౌజు

"దర్లీసా! దానికా నేను తీపి పెట్టాల్సింది? చచ్చినా పెట్టను!" చీటీ విప్పగానే నైబిస్ మొహం మాడిపోయింది.

"మెల్లిగా అనవే, వింటుంది! రహస్య స్నేహితురాలివి, రహస్యంగా ఉండు," అని పక్కనున్న మైలేత్ దాని నోరు మూసింది.

కార్తహేనా ఊరి బళ్లల్లో సెప్టెంబరు వచ్చిందంటే ఇదే సందడి. చీటీలో ఎవరి పేరొస్తే వాళ్ల డెస్కులో, వాళ్లకి తెలియకుండా, వారమంతా రోజుకో తీపి పెట్టాలి. శుక్రవారం గుండ్రంగా కూర్చుని ఎవరికెవరో బయటపెట్టుకోవాలి. కోపమొస్తే చెయ్యి లేపకుండా నోటితో చెప్పుకోండర్రా అని నేర్పే ఎలోదియా టీచరు, ఈ ఆటని కూడా ఆ పాఠంలోనే కలిపేసింది.

దర్లీస్‌కి మాత్రం ఆ పాఠం ఎక్కలేదు. దానికి మాట కంటే ముందు చెయ్యి లేస్తుంది. మొన్నటికి మొన్న నైబిస్ జడ పట్టి లాగితే పాపం ఆ పిల్ల వెళ్లి గోడకి కొట్టుకుంది. "ఇంకొక్కసారి ఎవరి మీదైనా చెయ్యి పడిందా, ఈ బడిలో నీకు చోటు లేదు," అనేసింది పెద్ద టీచరు.

ఆ మాట గుర్తొచ్చి నైబిస్ మొహం విచ్చుకుంది.

"పెడతానే మైలేత్. భేషుగ్గా పెడతాను."

వాళ్లమ్మ సముద్రం ఒడ్డున కొబ్బరి లౌజులు అమ్ముతుంది. గిన్నె అడుగున మిగిలిన కొబ్బరిలో నైబిస్ గుప్పెడు ఉప్పు పోసి, పైన బెల్లం పాకం పూసింది. చూడ్డానికి ముద్దొచ్చేలా ఉంది.

"ఇది నోట్లో పెట్టుకుందంటే క్లాసందర్నీ చితక్కొడుతుంది. ఇక మహాతల్లికి శాశ్వతంగా సెలవు!"

సోమవారం దర్లీస్ లౌజు కొరికింది. కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. ఇదిగో లేస్తుంది, అదిగో కొడుతుంది అని నైబిస్ బెంచీ గట్టిగా పట్టుకుంది. దర్లీస్ లేవలేదు. నమిలి, మింగి, వేళ్లు కూడా నాక్కుంది.

"నాలుకా అది, తోలుముక్కా?" అంది మైలేత్.

మర్నాడు ఇంకాస్త ఉప్పు. ఆ మర్నాడు కారం కూడా. దర్లీస్ ఎక్కిళ్లు పెడుతూ తింది, చెంబెడు నీళ్లు తాగింది. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు.

శుక్రవారం గుండ్రంగా కూర్చున్నారు. దర్లీస్ లేచింది. "నా స్నేహితురాలికి చాలా చాలా థాంక్స్. రోజూ నాకోసం ఒకళ్లు కూర్చుని చేశారు. ఈ వారమంతా బడికి పరిగెత్తుకుంటూ వచ్చాను."

నైబిస్ భోరుమంది. "నేనే! కావాలనే ఉప్పు పోశాను. నువ్వెవరినైనా కొడితే నిన్ను పంపించేస్తారని!"

టీచరు లేవబోయింది. దర్లీస్ నైబిస్ దగ్గరికి నడిచింది. "అయిపోయావే!" అని మైలేత్ కళ్లు మూసుకుంది.

దర్లీస్ రెండు చేతులూ నైబిస్ మెడచుట్టూ వేసింది.

"తెలుసులేవే పిచ్చిదానా. మొదటిరోజే నువ్వు పెడుతుంటే చూశాను."

"మరి టీచరుకి చెప్పలేదేం?"

"పోయినేడు నా డెస్కులో ఎవ్వరూ ఏమీ పెట్టలేదే. చెబితే నువ్వూ మానేస్తావుగా!"