మేధ మెయిల్‌బాక్స్

కూతురు మేధకు రాసిన మెయిల్ తిరిగి వచ్చిన రోజు మోహన్ ఆఫీస్‌కి వెళ్లలేదు. సాయంత్రం కౌశిక్‌ని ఇంటికి పిలిచాడు. కొత్త ఆఫీస్‌లో సర్వర్లు చూసేది అతనే. శాన్ రామన్ నుంచి ఫ్రిస్కోకి మారాక ఆ ఇంటికి వచ్చిన మొదటి అతిథి కూడా అతనే.

కౌశిక్ పాత లినక్స్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"ఇదెవరు సెటప్ చేశారు?"

"మేధే. ఎయిత్ గ్రేడ్ ప్రాజెక్ట్. తనకో అకౌంట్, నాకో అకౌంట్. ఒకరికొకరం మెయిల్ చేసుకునేవాళ్లం."

"నెట్ లేకుండానా?"

"అక్కర్లేదంది. ఇందులో రాస్తే ఇందులోనే తన ఫైల్‌లో పడుతుందట."

"గట్టి పిల్లే!" కౌశిక్ నవ్వాడు. "ఇదిగో, దొరికింది. మెయిల్‌బాక్స్ అంటే ఒకే ఒక్క ఫైల్ బాస్. వచ్చిన ప్రతిదీ దాని చివర అతుక్కుంటూ పోతుంది. లిమిట్ దాటేసింది. ఫొటోలు కూడా పంపావా?"

"రోజూ."

"తను ఒక్కటీ తెరవలేదు. చదివుంటే అవి తన ఫోల్డర్‌లోకి వెళ్లిపోయి ఇది ఖాళీ అయ్యేది. అలిగిందా ఏంటి?"

మోహన్ స్క్రీన్ మీదికి వంగి చూశాడు.

"మా నీల్‌గాడూ అంతే. వాట్సాప్ చూడరా అంటే 'లేటర్ డాడ్' అంటాడు. పాతవి డిలీట్ చేసేయనా?"

"వద్దు."

"పోనీ, అడ్మిన్‌గా నేనే తెరిచి పక్కకి మార్చనా?"

"వద్దన్నాను కదా! తనకొచ్చినవి ఇంకెవరూ తెరవకూడదు."

కౌశిక్ ఇబ్బందిగా మోహన్ భార్య స్పందన వైపు చూశాడు. ఆమె టీ కప్పు బల్ల మీద పెట్టి, తొణికిన చుక్కను తుడుస్తోంది. చుక్క పోయాక కూడా తుడుస్తూనే ఉంది.

"సరే, లిమిట్ పెంచాను. ఇప్పుడు రాసి చూడు."

మోహన్ ఒక్క లైన్ టైప్ చేసి పంపాడు. ఈసారి తిరిగి రాలేదు. అతని భుజాలు కిందికి దిగాయి.

"థాంక్స్ కౌశిక్."

"దీనికేముంది! తనని ఒక్కసారి లాగిన్ అవమనండి వదినా. మీరు చెప్తే వింటుంది."

"చెప్తాను" అంది స్పందన.

గుమ్మం దగ్గర షూస్ వేసుకుంటూ అడిగాడు కౌశిక్. "డిసెంబర్‌లో ఇండియా ప్లాన్ ఏమైనా ఉందా?"

"వీసా స్టాంపింగ్‌లో ఇరుక్కుంటే జాబ్ పోతుంది" అన్నాడు మోహన్. "అయినా వెళ్లాలి. రాజమండ్రిలో పనుంది."

కారు వెళ్లిపోయింది. స్పందన తలుపు వేసింది.

మేధ అస్థికలు ఇంకా గోదావరిలో కలపలేదు.