347వ నంబరు

మావాళ్ల పెళ్లి సంబంధాల వెబ్‌సైట్‌ని పదిహేనేళ్ల కిందట ఇక్కడే, తమిళనాడు రాజపాళయంలో, నాయనే తయారుచేశాడు. ఇప్పుడది ఫోన్లలో సరిగా తెరుచుకోవడం లేదు. నేను కొత్త ఫ్రేమ్‌వర్క్‌లోకి మారుస్తున్నాను. పాత నిబంధనలన్నీ మళ్లీ రాయాలి. కొన్ని వదిలేస్తే పని తొందరగా తెములుతుంది. అందుకే ఒక్కొక్కటీ ఆయన్నే అడుగుతున్నాను.

"ఒకే ఇంటిపేరోళ్లని ఒకరికొకరు చూపించగూడదని ఉండాది, నాయనా."

"అది కండిప్పా ఉండాల. తీయగూడదు."

"ఫోటో లేనోళ్లని అందరికన్నా కడాన చూపించేది?"

"వద్దు. తీసెయ్ మా."

ఆ తర్వాతది కోడ్‌లో తొమ్మిది వరుసలుంది. 347వ నంబరు అమ్మాయిని ఎవరికీ చూపించకూడదని. పక్కనే తేదీ వేసి ఉంది. ఎనిమిదేళ్ల కిందట, అమ్మ చనిపోయిన నెలది.

"మున్నూట నలభై ఏడుది ఒకటుండాది, నాయనా. అది ఉండాల్నా?"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"రేత్రికి దోసెలే పొయ్ మా. చాలు."

ఆ నంబరు నాది. ఎనిమిదేళ్లుగా ఒక్కరూ అడగకపోతే, నా జాతకమే అంతేమో అనుకున్నాను.

లేచి ఫ్రిజ్‌లోంచి పిండి తీసి బయట పెట్టాను. వచ్చి కూర్చుని ఆ నిబంధన కూడా రాశాను. కొత్తదాంట్లో దానికి ఒక్క వరుసే సరిపోయింది.