తీర్మానాల పుస్తకం

కొండాపూర్ రోడ్డుకు అడ్డంగా మూడు పొయ్యిలు పెట్టి ఆడవాళ్లు అన్నం వండుతున్నారు. తెలంగాణ కోసం వంటావార్పు. ఆ పొయ్యిల ముందు ఓంకార్ కారు ఆగిపోయింది.

విదేశీ సాయంతో నడిచే మహిళా ఉపాధి పథకానికి ఆయన డైరెక్టరు. మూడు గంటలకు దాతల బృందం హోటల్ నుంచి నడుచుకుంటూ పక్కనున్న కమ్యూనిటీ హాలుకు వస్తుంది. పనిచేస్తున్న సంఘం ఒక్కటైనా కనబడకపోతే పథకం ఈ నెలతో మూతపడుతుంది. చూపించాల్సిన సంఘమేమో చందానగర్‌లో చిక్కుకుపోయింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు.

ఓంకార్‌కు కోపం కూడా రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లు ఇలాంటి బృందాలకు ఎదురెళ్లీ, నివేదికలు రాసీ, కోపం తెచ్చుకునే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

“సార్, ఈళ్లు గూడ ఆడోళ్లే గద,” అన్నాడు డ్రైవర్ యాదయ్య, వండుతున్నవాళ్లను చూస్తూ.

ఓంకార్ కారు దిగాడు. గరిటె పట్టుకున్న పెద్దావిడ పేరు సత్తెమ్మట. అందరూ ఐటీ భవనాలు ఊడ్చేవాళ్లే. ఇవాళ పనికి పోలేదు. ఓ అరగంట హాల్లో సంఘంలా కూర్చుంటే చాలని, నోరు విప్పక్కర్లేదని ఆయన నెమ్మదిగా చెప్పాడు. సత్తెమ్మ ఆయన ముఖం వైపు చాలాసేపు చూసింది.

“మొగం వాడిపోయింది సారూ. ముందుగాల తినుండ్రి. ఎన్క గూసుంటం.”

విస్తరాకులో అన్నం, పప్పు. ఆయన రోడ్డు మీదే కూర్చుని తిన్నాడు.

మూడింటికి బృందం వచ్చింది. పదమూడు మంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చున్నారు. సత్తెమ్మ ఇంటికెళ్లి తెచ్చిన ప్లాస్టిక్ కవరులోంచి ఓ లావుపాటి పుస్తకం తీసింది. హాజరు పిలిచింది. రానివాళ్లు ఎందుకు రాలేదో చెప్పింది. కుట్టుమిషన్లు కావాలని అందరూ చేతులెత్తితే, తీర్మానం రాసి వేలిముద్రలు వేయించింది.

ఏ చిట్టీల పుస్తకమో పట్టుకొచ్చి ఉంటుందని ఓంకార్ అనుకున్నాడు. బృందానికి పెద్ద అయినాయన పుస్తకం చివరి పేజీలు తిప్పుతుంటే, ఇక బండారం బయటపడ్డట్టే అనుకున్నాడు. కానీ పెద్దాయన తృప్తిగా తలాడించి, పథకం ఇంకో మూడేళ్లు ఉంటుందని చెప్పి వెళ్లిపోయాడు.

ఓంకార్ గోడకు చేరగిలబడ్డాడు. “నాటకం మంచిగ ఆడినవమ్మా. ఎవరు నేర్పిండ్రు?”

సత్తెమ్మ పుస్తకం ఆయన చేతిలో పెట్టింది.

“నాటకమేంది సారూ. ఇయ్యాల మంగళారం. మంగళారం మంగళారం గిట్లనే గూసుంటం. మీరే జర ఆలస్యంగ వచ్చిండ్రు.”

ఆయన మొదటి పేజీ తెరిచాడు. ఆరేళ్ల కిందటి తేదీ. ‘సంఘం బాగుంది. కుట్టుమిషన్లు ఇప్పిస్తాను. వచ్చే మంగళవారం తప్పక వస్తాను.’ కింద తన సంతకం.