మీసం తీసేసిన గాయకుడు

"మీసం తీసేయమన్నది ఆ యాక్టరమ్మేనంట అక్కా! పత్రికలో పోటోతో ఏసినారు," అంది రుక్మణి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ.

"నవ్వింది చాలు. కొంగు తీసి చెప్పు," అంది సెల్లాయి.

రుక్మణి కొంగు తీసి మళ్ళీ చెప్పింది. సినిమాల్లో పాడే దురైసామి నిండు మీసాన్ని ఎందుకు గొరిగించుకున్నాడన్న దాని మీద ఆ వారం మద్రాసు పత్రిక పెద్ద పరిశోధనే చేసింది. ఎవరో నటికి మీసాలు గిట్టవట. అంతటితో ఆగలేదు. పాడేటప్పుడు మైకును గడ్డం కిందికి నెట్టేస్తాడట, అది పొగరట. ఒక్కొక్క మాటకీ నోరు బావిలా తెరుస్తాడట, చూడలేక చస్తున్నారట. అన్నిటికన్నా కింద మరో మాట. కోయంబత్తూరు మిల్లులో తెగిన దారాలు అతికే తల్లి తనకు ఉందని చెప్పుకోవడానికి అతనికి నామోషీ అట.

"చివరిది కూడా చదివినావా?" సెల్లాయి అడిగింది.

"సుమ్మా, ఊరికే రాసుంటారు లేక్కా."

"సుమ్మానో నిజమో ఈ పొద్దు తెలిసిపోతాది. మన మిల్లులోనే కదా పాడతాడు."

"మీసం సంగతన్నా చెప్పు."

"యాక్టరమ్మా లేదు, ఎవరూ లేదు. నేనే తీయమన్నా."

"ఎందుకక్కా? మీసంతో ఎంత బాగుండె!" రుక్మణి అటు తిరిగి కనకాంబరాలు తురుముకుంటూ అడిగింది. సెల్లాయి తన పాటికి తను కొప్పు సర్దుకుంటోంది.

నూలు వడికే రింగు ఫ్రేముల మధ్య కుదిరిన స్నేహం వాళ్ళది. ఆ హోరులో గొంతు దేనికీ పనికిరాదు గనక స్పిన్నింగు ఆడవాళ్ళు పెదవులతోనే మాట్లాడుకుంటారు. మేస్త్రి ఎదుటే నిలబడి మేస్త్రిని తిట్టుకోగలరు. ఈ రోజు ఆయుధపూజ. మిషన్లన్నీ ఆగి, తుడుచుకుని, కుంకుమ పెట్టుకుని కూర్చున్నాయి.

మిల్లు సైరను, వాళ్ళ మాటలో సంగు, కూసింది. రుక్మణి గబుక్కున లేచింది. ఆమె లేవడం చూసి సెల్లాయీ లేచింది.

మిల్లు ముంగిట్లో పందిరి వేశారు. ముందు ఆఫీసర్ల కుటుంబాలకు కుర్చీలు, వెనక అందరికీ జంపఖానాలు. సెల్లాయి నేరుగా వెళ్ళి మొదటి వరుసలో, మైకుకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

"ఏమ్మా, అది ఆఫీసర్లకి," అన్నాడు వెనకనుంచి కృష్ణరాజ్. కచేరీ ఏర్పాట్లన్నీ చూస్తున్న ఆఫీసు మనిషి. ఆమె తలయినా తిప్పలేదు. అతను చుట్టూ తిరిగి ముందుకొచ్చాడు. "నీకేనమ్మా చెప్పేది!"

"నేను దురైసామి అమ్మను సార్."

"పొద్దుటినుంచి ఇద్దరు అత్తలూ ఒక మేనమామా వచ్చిపోయారు. ఇప్పుడు అమ్మ కూడానా?" అని నవ్వాడు. "వెనక ఇంకా బాగా వినిపిస్తుంది. స్పీకర్లు కట్టించాను."

"నాకు ఇక్కడే కావాల సార్. వాడి ముందర."

"మేనేజరుగారి భార్య వస్తారమ్మా. నా ఉద్యోగం పోతుంది."

చెడ్డవాడు కాదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, వెనక గాలి తగిలే చోట కూర్చోబెట్టి, గ్లాసుడు మజ్జిగ కూడా పంపించాడు. సెల్లాయి మజ్జిగ ముట్టలేదు. ముందంతా తలలే. వేదిక మీది మనుషులు వేలెడంత కనిపిస్తున్నారు.

"వాడు నా కోసం అడక్కపోతే, రుక్మణీ?"

రుక్మణి ఆమె చెయ్యి పట్టుకుంది.

దురైసామి వేదిక ఎక్కాడు. తెల్ల జుబ్బా, నున్నటి పైపెదవి. చప్పట్లు ఆగాయి. హార్మోనియం ఎత్తుకుంది, తబలా అందుకుంది. అతను పాడలేదు. కళ్ళు మొదటి వరుసలో ఒక కొసనుంచి ఇంకో కొసకు వెతికాయి. హార్మోనియం మళ్ళీ మొదటికొచ్చింది. అయినా పాడలేదు.

"మొదలుపెట్టండి సార్," కృష్ణరాజ్ పక్కనుంచి బతిమాలాడు.

"మా అమ్మ యాడ?"

మైకులో అడిగాడు. అదీ ఇంట్లో మాట్లాడే తెలుగులో. జంపఖానాల మీద గుసగుసలు టక్కున ఆగిపోయాయి.

కృష్ణరాజ్ ముఖం పాలిపోయింది. "వెనక ఉన్నారు సార్. బాగా వినిపిస్తుంది."

"ఈ మిల్లులో నూలు వడికి నన్ను సాకింది మా అమ్మ. నా ముందర కూచోవాల. లేదంటే పాట లేదు."

రుక్మణి సెల్లాయి భుజం పట్టుకుని కుదిపింది. "అక్కా! పిలస్తావుండాడు! మైకులో పిలస్తావుండాడు అక్కా!"

సెల్లాయి లేచింది. మనుషులు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. మొదటి వరుసలో మేనేజరు భార్య రంగనాయకి ఎవరూ అడగకముందే లేచి, మైకుకు ఎదురుగా ఉన్న తన కుర్చీని కొంగుతో తుడిచింది. "ఇక్కడ కూర్చోండమ్మా," అని తను పక్క కుర్చీలోకి జరిగింది.

దురైసామి మైకును గడ్డం కిందికి నెట్టాడు. నోరారా తెరిచి, మాట వెనక మాట విడివిడిగా పాడాడు. సినిమావాళ్ళు ఎవరూ పాడించని, ఇంటి తెలుగులోని పాట. సెల్లాయి రెప్ప వేయలేదు. ఆమె పెదవులూ కదిలాయి, అతనికన్నా ఒక్క మాట వెనకగా. ఒకచోట అతను ఒక చరణం వదిలేస్తే వేలు చూపించి బెదిరించింది. అతను పాటలోనే నవ్వి, వదిలేసింది అందుకున్నాడు. వెనక స్పిన్నింగు ఆడవాళ్ళు ఈలలు వేశారు.

పాట అయ్యేసరికి రంగనాయకి కళ్ళు తుడుచుకుంటోంది. సెల్లాయి మోచెయ్యి తట్టి, ముఖంలో ముఖం పెట్టి అంది, "ఎంత తీయటి గొంతమ్మా మీ బిడ్డది!"

సెల్లాయి మెడ నిటారుగా ఎత్తింది.

"ఆమా, అవును తల్లీ. విన్నోళ్ళందరూ అట్లే చెప్తారు."

ఆమె చెవులు స్పిన్నింగు హోరులో ఏనాడో పోయాయి.