నాలుగో లైను

క్లాసు మధ్యలో ఎవరైనా తలుపు తోసుకుని వస్తే మాస్టారికి ఒళ్లు మండుతుంది.

ఆ రోజు వచ్చింది ఒక ముసలాయన. చెవికి మిషను. చొక్కాకి పై గుండీ లేదు.

"పాట వినిపించింది బాబూ. అందుకే లోపలికొచ్చాను."

పాటంటే నిజంగా పాట కాదు. అది విమానం నడపడం నేర్పే స్కూలు. దారి చూపే రేడియోని ఎలా వాడాలో గాల్లో మర్చిపోకుండా పిల్లలచేత వల్లె వేయించే మూడు లైన్లు.

మీట తిప్పు,
కూత పట్టు,
సూది చూపిన దారి పట్టు.

నేల మీది రేడియో స్టేషను సన్నగా కూస్తూ ఉంటుంది. ఆ కూత చెవిలో పడితే మనక్కావలసిన స్టేషను దొరికినట్టు. ఆపైన విమానంలోని సూది అటువైపే చూపిస్తుంది.

"ఇంకో లైను ఉండాలే," అన్నాడు ముసలాయన. "కూత ఆగితే సూదిని నమ్మకు."

ఆ లైను మాస్టారికి తెలియక కాదు. ప్రాస కుదరడం లేదని ఆయనే ఎగ్గొట్టాడు.

"అది పుస్తకంలో ఉందండీ. వాళ్లే చదువుకుంటారు."

"గాల్లో పుస్తకం ఎవరు తెరుస్తారు? స్టేషను చచ్చిపోయినా సూది ఉన్నచోటే నిలబడి ఉంటుంది, ఏమీ ఎరగనట్టు. అందరూ కూత విసుగని సౌండు తగ్గించేస్తారు. తగ్గించకూడదు బాబూ. చివరిదాకా వింటూనే ఉండాలి."

మాస్టారు ఆయన చెవి మిషను వైపు చూశాడు.

"వినడం గురించి మీరు చెప్పాలా?"

క్లాసంతా గొల్లుమంది. ముసలాయన కూడా నవ్వాడు, పాపం. కానీ కదల్లేదు.

"నాలుగోది పెడితే పాట పాడైపోతుందండీ."

"పాడైపోనీ."

దాంతో మాస్టారికి ఎక్కడలేని కోపం వచ్చింది. "మూడు లైన్లతో ఎగిరి ఇంతవరకూ ఎవరూ చావలేదు. ఇక దయచేయండి."

ముసలాయన ఏదో అనబోయి ఆగాడు. అరచేత్తో మూతి తుడుచుకుని వెళ్లిపోయాడు.

వెనకే బుజ్జి లేచి బయటికెళ్లింది. బుజ్జి మాస్టారి అక్క కూతురు, ఆయన దగ్గరే నేర్చుకుంటోంది. కాసేపటికి తిరిగొచ్చింది.

"ఎక్కడికెళ్లావు?"

"గేటుదాకా దిగబెట్టొచ్చాను మావయ్యా."

"ఆయనేమన్నా మన చుట్టమా?"

బుజ్జి వెళ్లి తన చోట కూచుంది.

వానలు మొదలయ్యాక బుజ్జి ఒంటరిగా విమానం తీసుకుని వెళ్లింది. వెళ్లిన కాసేపటికే మబ్బులు కమ్ముకున్నాయి. రావలసిన వేళ దాటిపోయింది. రేడియోలో పిలిస్తే జవాబు లేదు. మాస్టారు బయటికొచ్చి మబ్బుల కేసి చూస్తూ నిలబడ్డాడు. అక్కకి ఏం ముఖం చూపించాలి?

చివరికి విమానం దిగింది. బుజ్జి స్కూలు మెట్ల మీదే కూలబడింది. ముఖాన నెత్తురుచుక్క లేదు.

"మధ్యలో స్టేషను ఆగిపోయింది మావయ్యా. సూది మాత్రం కదల్లేదు, ముందుకే చూపిస్తోంది. ముందేమో కొండ. మబ్బులో కనపడదు కదా."

"మరి నీకెలా తెలిసింది?"

"కూత ఆగిపోయింది. నేను సౌండు తగ్గించలేదు. వెంటనే దిక్సూచి చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కొచ్చేశాను." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆ తాతగారు గేటు దగ్గర నాచేత నాలుగు లైన్లూ అప్పజెప్పించుకున్నాకే కదిలారు మావయ్యా."



మర్నాడు ఉదయమే మాస్టారు వాళ్లనీ వీళ్లనీ అడిగి ముసలాయన ఇల్లు పట్టుకున్నాడు. నడివయసు ఆవిడ తలుపు తీసింది.

"మామగారు కిందటి నెలలో పోయారండీ."

మాస్టారు గుమ్మంలోనే నిలబడిపోయాడు. బల్ల మీద చెవి మిషను ఉంది.

"మీరు విమానాల స్కూలు మాస్టారా? ఆ రోజు మీ దగ్గర్నుంచి వచ్చి ఏమీ తినలేదు. ఎక్కడ ఆ పాట పాడుతున్నారని తెలిసినా వెళ్లేవారు. అందరూ తరిమేవాళ్లే."

సిగ్గుతో మాస్టారి తల వాలిపోయింది. "ఆ పాటంటే ఆయనకెందుకమ్మా అంత పట్టింపు?"

ఆవిడ గోడ మీది ఫొటో వైపు చూసింది. అందులో పైలట్ దుస్తుల్లో ఉన్న కుర్రాడికి బుజ్జి వయసే ఉంటుంది.

"ఆ మూడు లైన్లూ మామగారే కట్టి కొడుక్కి నేర్పారండీ. ఆ మూడే నమ్ముకుని వెళ్లి మా ఆయన తిరిగి రాలేదు; నాలుగోది ఆ తర్వాత కలిపారు."