రెండో ఎక్స్‌రే

"మళ్లీ దగ్గుతున్నారు" అంది జ్ఞానకుమారి, స్నానాల గది తలుపు బయట నిలబడి.

లోపల నీళ్ల చప్పుడు పెద్దదైంది. దగ్గు వినపడకుండా కుళాయి పూర్తిగా తిప్పాడని ఆమెకు తెలుసు.

"క్రషర్ దుమ్ము. దానికే ఇంత గోలా?" అన్నాడు జకరయ్య బయటికొచ్చి, తల తుడుచుకుంటూ.

రాస్ అల్ ఖైమా కొండల్లో రాళ్లు పిండిచేసే క్వారీలో అతనిది ఏడేళ్ల కొలువు. ఆమె అదే ఊళ్లో ఆసుపత్రి నర్సు. ఎనభై ఆరులో చమురు ధర పడిపోయాక క్వారీలో సగంమందిని ఇంటికి పంపేశారు. మిగిలినవాళ్లు వీసా ఇచ్చిన యజమాని కఫీల్ కళ్లల్లోకి చూడ్డానికే భయపడుతున్నారు. సరిగ్గా అప్పుడే ఆస్ట్రేలియాలోని ఒక ఆసుపత్రి జ్ఞానకుమారికి ఉద్యోగమిచ్చి స్పాన్సర్ చేస్తానంది. మొగుడూ పెళ్లాం, ఐదేళ్ల బేబీ, ముగ్గురికీ అక్కడే శాశ్వత నివాసం. వీసా ఎప్పుడు రద్దవుతుందోనన్న దిగులు ఇక ఉండదు.

కాకపోతే ముగ్గురి దరఖాస్తూ ఒకటే. మెడికల్‌లో ఒక్కరు తప్పితే ముగ్గురూ తప్పినట్టే.

తల్లీ బిడ్డా దుబాయ్ వెళ్లి పరీక్షలు చేయించుకొచ్చారు. జకరయ్య మాత్రం రెండుసార్లు వాయిదా వేశాడు.

"ముందు మా ఆసుపత్రిలో ఒకసారి ఎక్స్‌రే తీయిద్దామండీ. ఏదైనా ఉంటే మందులు వాడొచ్చు."

"ఉందని తెలిస్తే మందులిస్తారా, ఫ్లైటెక్కిస్తారా? నాతో పనిచేసినోళ్లిద్దరి ఊపిరి పాడైందని తెలిసిన వారానికే పంపేశారు. నీకు తెలీదా?"



అంతలో గ్యాస్ సిలిండరు భుజాన వేసుకుని, రెండంతస్తులు ఎక్కి వచ్చాడు అంజిబాబు. రాజోలు కుర్రాడు. క్వారీ క్యాంపులో ఉంటాడు. మనిషి ఎద్దులా ఉంటాడు. జ్ఞానకుమారిని అక్కా అని పిలుస్తాడు కాబట్టి జకరయ్య బావయ్యాడు. తనకి రాత్రి షిఫ్టు ఉన్న వారాల్లో, ఆమె డ్యూటీకి వెళ్తే పగలు బేబీని చూసుకునేది అతనే.

"శనివారం మన క్వారీ పికప్ బండి దుబాయ్ ఎల్తందక్కా. బావని నేను తీసుకెళ్లి తీసుకొత్తాను."

"నేనూ సెలవు పెట్టి వస్తాను."

"నువ్వొద్దు" అన్నాడు జకరయ్య.

ఆ గొంతులోని కరుకుదనానికి ఆమె మనసు చివుక్కుమంది. భయంలే అని సర్దుకుంది.

శనివారం సాయంత్రం ఇద్దరూ తిరిగొచ్చారు.

"అయిపోయిందా?"

"ఖలాసక్కా! చల్లటి పలకకి ఛాతీ ఆనించి ఊపిరి బిగబట్టమన్నారు. అంతే..."

"చాల్లే, చెయ్యి కడుక్కో" అని మధ్యలోనే అందుకున్నాడు జకరయ్య. ఆ పూట చాన్నాళ్లకి కడుపునిండా తిన్నాడు. బేబీని ఒళ్లో కూచోబెట్టుకుని, కంగారూ ఎలా గెంతుతుందో చూపించాడు.

నెల గడిచింది. ఒకరోజు మేట్రన్ జ్ఞానకుమారిని గదిలోకి పిలిచి కుర్చీ చూపించింది.

"ఆస్ట్రేలియా నుంచి ఫోన్ వచ్చింది సిస్టర్. మీవారి ఎక్స్‌రేలో టీబీ కనపడిందట. వీసా ఆపేశారు. ఆ ఉద్యోగం నెలాఖరుదాకానే ఉంచుతారట."

ఆమె బయటికొచ్చింది. క్వారీ ఆఫీసుకి ఫోన్ చేసి వెంటనే రమ్మంది. ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో వచ్చిన మనిషిని చూసి, ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. జబ్బు ఎంతవరకూ వచ్చిందో తన కళ్లతో చూడాలని, చెయ్యి పట్టుకుని ఎక్స్‌రే గదివైపు నడిపించింది.

"ఇప్పుడెందుకు? దుబాయ్‌లో అయిందిగా!"

"రిజిస్టర్లో రాయించను. నా కోసం ఒక్కసారి."

అతను చెయ్యి విడిపించుకున్నాడు. రానంటే రానన్నాడు. ఆమె కళ్లనీళ్లు చూసి చివరికి చొక్కా విప్పాడు.

హైదరాబాదు నుంచి వచ్చిన గులాం మొహిద్దీన్ అక్కడ టెక్నీషియన్. తడి ఫిల్మును వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడు.

"కుచ్ నహీ సిస్టర్. ఛాతీ సాఫ్ ఉంది."

"సరిగ్గా చూడండి భాయ్."

అతను డాక్టర్ని పిలిచాడు. ఆయనా అదే మాటన్నాడు. దుమ్ముకి గొంతు రేగింది, అంతకంటే ఏం లేదన్నాడు.

"నాకేం లేదా? నిజంగా ఏం లేదా?" అంటూ జకరయ్య వరండాలో నేలమీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అతను ఏడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. తనూ ఏడుస్తూ, నవ్వుతూ పక్కన కూచుంది.

"ఇప్పుడు చెప్తా వినండి. దుబాయ్ ఎక్స్‌రేలో మీకు టీబీ ఉందని వీసా ఆపేశారు. ఫిల్ములు తారుమారు చేసుంటారు. ఈ ఫిల్ము చూపించి మేట్రన్ చేత ఇప్పుడే ఫోన్ చేయిస్తాను. నెలాఖరుకి ఇంకా టైముంది. పాపం, ఆ ఫిల్ము ఎవరిదో గానీ, తనకి జబ్బుందని తెలీకుండా తిరుగుతుంటాడు."

జకరయ్య ఏడుపు ఆగిపోయింది. లేవబోతున్న ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఫోనొద్దు."

"ఎందుకొద్దు?"

"బేబీ ఎక్కడ?"

"ఇంట్లో, అంజిబాబు దగ్గర. అతని కంచంలోంచి తినిపిస్తేగానీ తిననంటుందిగా... అదేంటండీ, అలా అయిపోయారు?"



"దుబాయ్‌లో నా పేరుతో ఎక్స్‌రే తీయించుకుంది అంజిబాబు, జ్ఞానా."